షెడ్డు మారితే పాఠం చెదరకూడదు

కళ్లజోడు పెట్టుకుంటే ఏ బోల్టు బిగించాలో దాని మీదే బాణం కనిపిస్తుంది. ఏ వైరు ఏ దారిలో వెళ్లాలో కళ్లెదుటే గీత పడుతుంది. రెండు చేతులూ పనికే ఉంటాయి, కాగితాలు తిరగేసే అవసరం ఉండదు. ఇలాంటి పరికరం గురించి మొదటిసారి విన్నవాళ్లు ముందు దాని ధర అడుగుతారు. ఆ తర్వాత వాళ్లు అడిగే ప్రశ్న ఇంజినీర్లను ముప్పై ఏళ్లుగా వేధిస్తున్నదే: ఒక షెడ్డులో తయారుచేసిన ఈ సూచనల పాఠాన్ని ఇంకో షెడ్డుకు పట్టుకెళితే అక్కడా అలాగే పనిచేస్తుందా?

కాగితం మీది డ్రాయింగుకు ఈ చిక్కు లేదు. హైదరాబాద్ దగ్గరి శంకర్‌పల్లిలో పరిచినా ముంబయిలో పరిచినా అది ఒకటే. డ్రాయింగును చూసి, తన ముందున్న యంత్రంతో పోల్చుకునే పని ఫిట్టరు తలలో జరుగుతుంది. కళ్లజోడు ఆ పోల్చుకునే పనిని తన మీద వేసుకుంది. అందుకని యంత్రం ఎక్కడుంది, పనిముట్ల బల్ల ఎటుంది, మనిషి ఏ వైపు తిరిగి నిలబడ్డాడు అన్నవన్నీ దానికి తెలియాలి. వీటిలో ఏ ఒక్కటి మారినా బాణం ఖాళీ చోటును చూపిస్తుంది.

ఎదురుగా ఉన్న అసలు వస్తువులతో కంప్యూటర్ గీసిన బొమ్మలను కలిపి చూపించే ఈ పద్ధతిని మిశ్రమ వాస్తవం అనవచ్చు. మిక్స్‌డ్ రియాలిటీ అనే పేరు 1994లో పాల్ మిల్‌గ్రామ్, ఫుమియో కిషినో రాసిన వ్యాసంతో స్థిరపడింది.

కొండకల్‌లో పుట్టే పెట్టె

చేవెళ్ల, మొయినాబాద్ రోడ్ల మీద వెళ్లేవారికి కూరగాయల బండ్లు, ఫామ్‌హౌసుల గేట్లు కనిపిస్తాయి. శంకర్‌పల్లి వైపు తిరిగితే భారీ యంత్రాల లోకం ఎదురవుతుంది. దగ్గర్లోని ఎద్దుమైలారంలో 1984లో ఏర్పడిన ఆయుధ కర్మాగారం సైన్యానికి బీఎంపీ-2 పోరాట వాహనాలు తయారుచేస్తుంది. ఇక శంకర్‌పల్లి మండలం కొండకల్‌లో మేధా సంస్థ కట్టిన రైలు పెట్టెల కర్మాగారం 2023 జూన్ 22న ప్రారంభమైంది.

పాఠం ఎందుకు చెదురుతుందో తెలుసుకోవడానికి రైలు పెట్టె కంటే మంచి ఉదాహరణ దొరకదు. మన రైళ్లలో ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్న ఎల్‌హెచ్‌బీ రకం పెట్టె పొడవు దాదాపు 23.5 మీటర్లు. గోడల వెనక, నేల కింద, పైకప్పు లోపల కేబుళ్లు పరుగెడతాయి. చాలా కేబుళ్ల చివర లగ్గు అనే లోహపు కొస, ప్రతి లగ్గుకూ ఒక బోల్టు, ఆ బోల్టును ఎంత గట్టిగా బిగించాలో చెప్పే ఒక టార్క్ విలువ ఉంటాయి. ఒక్క లగ్గు వదులైనా అక్కడ వేడి పుడుతుంది. ప్రయాణికుల పెట్టెలో అది చిన్న విషయం కాదు.

పెట్టె పుట్టేది ఒకచోట, జీవితమంతా గడిపేది వేరేచోట్ల. కార్ఖానాలో దాన్ని స్టాండ్ల మీద నిలబెట్టి, మెట్ల వేదికలు వేసి, రెండు పక్కల నుంచీ పని చేస్తారు. పైన క్రేన్ తిరుగుతుంటుంది. ఏ పనికి కావలసిన బిన్నులు ఆ పని దగ్గరే ఉంటాయి. కొన్నేళ్లకు అదే పెట్టె ఏదో డిపోకు మరమ్మతుకు వెళుతుంది. అక్కడ పట్టాల మధ్య తవ్విన గుంతలోకి దిగి, తల పైకెత్తి పని చేయాలి. పక్క నుంచి చూస్తూ కుడి అనుకున్నది కింద నుంచి చూసేసరికి ఎడమ కావచ్చు. సికింద్రాబాద్‌లోని లాలాగూడ వర్క్‌షాపుకూ తిరుపతి వర్క్‌షాపుకూ షెడ్ల అమరిక ఒకటి కాదు. ముంబయి మోనోరైలుకు కొత్త రైళ్లు చేసే పని కూడా మేధాదే. ఆ రైళ్లు రెండు పట్టాల మీద కాకుండా ఒకే కాంక్రీటు దూలాన్ని పట్టుకుని నడుస్తాయి. వాటిని చూసుకునే వడాలా డిపోలో అడుగు భాగాన్ని చేరుకునే దారే వేరు.

వస్తువు ఒకటే, అది నిలబడే చోట్లు మాత్రం పది రకాలు. ఒక్కో చోటుకు ఒక్కో పాఠం మొదటి నుంచీ తయారుచేయాలంటే ఏ సంస్థా ఆ ఖర్చు భరించలేదు.

వైర్ల పలక దగ్గర మొదలు

పనిచోట కళ్లజోడులో సూచనలు చూపే ఈ విద్యకు పునాది పడింది విమానాల్లో వైర్లు కట్టే చోట. 1990 ప్రాంతంలో అమెరికాలోని బోయింగ్ సంస్థలో టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ ఒక సమస్యను పట్టుకున్నారు. విమానంలోకి వెళ్లే వైర్ల కట్టలను ముందుగా పెద్ద పలకల మీద అల్లుతారు. ఏ వైరు ఏ మేకు చుట్టూ తిరగాలో పలక మీద గీసి ఉంటుంది. కట్ట నమూనా మారితే పలకా మారాలి. వాటిని చేయించడం, దాచిపెట్టడం, సరిదిద్దడం పెద్ద భారమైంది. ఖాళీ పలక ఒక్కటే ఉంచి, గీతలను కళ్లజోడులో చూపిస్తే సరిపోదా అని వాళ్లు ఆలోచించారు. ఆ సందర్భంలోనే, మిశ్రమ వాస్తవంలో ఒక రకానికి, ఆగ్మెంటెడ్ రియాలిటీ అనే పేరు పుట్టింది. 1992లో వాళ్ల వ్యాసం వెలువడింది. శంకర్‌పల్లి ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే, ఆదిబట్లలో, ఇప్పుడు టాటా, బోయింగ్‌ల ఉమ్మడి సంస్థ అపాచీ హెలికాప్టర్ల ప్రధాన దేహాలను (ఫ్యూజలేజ్) తయారుచేస్తోంది.

ఈ పద్ధతి వల్ల నిజంగా లాభం ఉందా? ఆర్థర్ టాంగ్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో పిల్లలు ఆడుకునే డూప్లో ముక్కలను పెద్దవాళ్లతో పేర్పించారు. సూచనలను ముక్కల మీదే చూపించినప్పుడు తప్పులు 82 శాతం తగ్గాయి. ముఖ్యంగా ఒక తప్పు మీద ఇంకో తప్పు పేరుకుపోవడం బాగా తగ్గింది.

అయితే బోయింగ్ పలకకూ ఈ ప్రయోగానికీ ఒక అనుకూలత ఉంది. పని అంతా ఒక బల్ల మీద ముగుస్తుంది. చుట్టూ గది ఎలా ఉన్నా ఫరవాలేదు. పాఠం బల్ల దిగి నడవడం మొదలుపెట్టినప్పుడే, అంటే "ఆ రాక్‌లోంచి స్పానర్ తీసుకో, అటు పక్కకు వెళ్లు, అక్కడి స్విచ్ ఆపు" అనడం మొదలుపెట్టినప్పుడే, గది కూడా పాఠంలో భాగమవుతుంది.

కళ్లజోడుకు తన చోటు తెలిసేదెలా

మైక్రోసాఫ్ట్ 2019లో ప్రకటించిన హోలోలెన్స్ 2 కళ్లజోడు బరువు 566 గ్రాములు. అందులో తల కదలికను గమనించడానికే నాలుగు కెమెరాలు ఉన్నాయి. దూరాలు కొలిచే సెన్సర్ వేరే ఉంది. వంపులను, కుదుపులను పసిగట్టే పరికరం ఇంకొకటి. కెమెరాలు షెడ్డులోని మూలలు, అంచులు, మరకలు, బోల్టు తలలు వంటి గుర్తులను ఏరుకుంటాయి. తల కదిలినప్పుడు ఆ గుర్తులు చూపులో ఎంత జరిగాయో లెక్కగట్టి, మనిషి ఎంత కదిలాడో కళ్లజోడు తెలుసుకుంటుంది. అలా తెలుసుకుంటూనే షెడ్డు పటాన్ని కూడా గీసుకుంటుంది. పటం ఉంటే తన చోటు తెలుస్తుంది. చోటు తెలిస్తేనే పటం సరిగా వస్తుంది. ఈ రెండింటినీ ఒకేసారి సాధించే విద్యకు నిపుణుల పేరు స్లామ్. డ్రైవర్ లేని బండ్లకూ ఇదే కీలకం. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ రోబోటిక్స్ కేంద్రంలో ఈ విద్య మీద పరిశోధన జరుగుతోంది. తనంతట తాను నడిచే వాహనాల కోసం ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో 2022 జూలైలో టిహాన్ పరీక్షా స్థలం మొదలైంది.

పటం తయారయ్యాక దానిలో ఒకచోట లంగరు వేయాలి. యంత్రం మీద ఒక క్యూఆర్ కోడ్ అంటించి, పని మొదలుపెట్టేటప్పుడు దాన్ని ఒకసారి చూస్తే చాలు, బాణాలూ గీతలూ అన్నీ ఆ గుర్తుకు సర్దుకుంటాయి. షెడ్డు మారినా ఆ కోడ్ యంత్రం మీదే ఉంటుంది గనుక సమస్య తీరినట్టే అనిపిస్తుంది. కానీ తీరదు.

దానికి కారణం కోణాల్లో ఉంది. లంగరు దగ్గర కళ్లజోడు అంచనా ఒక్క డిగ్రీ తప్పిందనుకుందాం. 3 మీటర్ల దూరంలో బాణం 5 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. 10 మీటర్లకు 17 సెంటీమీటర్లు. 23.5 మీటర్ల పెట్టె అటు చివరకు వెళ్లేసరికి 41 సెంటీమీటర్లు. పక్కపక్కనే పది బోల్టులున్న చోట ఇది పూర్తిగా తప్పు బోల్టును చూపించడమే. బొమ్మ ఏదైనా దాని లంగరుకు 3 మీటర్లు దాటకూడదని మైక్రోసాఫ్ట్ తన మార్గదర్శకాల్లో చెప్పింది ఇందుకే. పెట్టె పొడవునా అనేక లంగర్లు కావాలి.

రైలు పెట్టెకు ఇంకో గండం ఉంది. కిటికీలు, సీట్లు, సామాన్ల అరలు వరుసగా ఒకే అచ్చులో ఉంటాయి. నాలుగో కిటికీ దగ్గర నిలబడిన మనిషిని కళ్లజోడు ఏడో కిటికీ దగ్గరున్నాడని పొరబడవచ్చు. ఒకేలా ఉండే గదుల్లో ఈ పొరపాటు జరుగుతుందని తయారీదారులే హెచ్చరిస్తారు. పైగా మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలు పలకల మీద దూరాలు కొలిచే సెన్సర్ తడబడుతుంది. క్రేన్ కదిలినా, నిన్న ఉన్న తోపుడు బండి ఈరోజు లేకపోయినా పటంలో గుర్తుపెట్టుకున్నవి చెరిగిపోతాయి. కాబట్టి కదిలే వస్తువులను కాకుండా స్తంభాలను, గోడలను, పెట్టె చట్రాన్ని నమ్ముకునేలా ఏర్పాటు చేసుకోవాలి. షెడ్డులో ఏది కదులుతుందో, ఏది కదలదో అక్కడ పనిచేసేవాళ్లకే బాగా తెలుస్తుంది.

పందిరైనా ఫంక్షన్ హాలైనా

గుర్తులన్నీ కచ్చితంగా కుదిరాయనుకుందాం. అప్పటికీ అసలు సమస్య మిగిలే ఉంది. స్పానర్ల రాక్ కొండకల్ షెడ్డులో కుడి చేతి పక్క ఉంటే, డిపోలో గుంత బయట ఉంటుంది. పాఠాన్ని అంగుళాల్లో రాసుకుంటే దీనికి మందు లేదు. మరి దేంట్లో రాయాలి?

పెళ్లి తంతును చూద్దాం. ఒకే పురోహితుడు ఒక ముహూర్తానికి పల్లెలో ఇంటి ముందు పందిట్లో, మరో ముహూర్తానికి మొయినాబాద్ రోడ్డు మీది ఏసీ హాల్లో పెళ్లి చేయిస్తాడు. పందిరి ఇరుకుగా ఉంటుంది. హాల్లో వేదిక ఎత్తు మీద ఉంటుంది, ముందు వీడియోవాళ్లు నిలబడతారు. అయినా తంతు తప్పిపోదు. గుమ్మానికి ఇన్ని అడుగుల దూరంలో పీటలు వేయాలన్న లెక్క ఆయన దగ్గర లేదు. పీటలు తూర్పు ముఖంగా ఉండాలి, ఇది మార్చడానికి వీల్లేదు. హోమం దంపతుల ఎదురుగా ఉండాలి, చుట్టూ తిరగడానికి చోటుండాలి. అంటే ఒకదానికీ ఇంకోదానికీ ఉన్న సంబంధం నిలవాలి, దూరం ఎంతైనా సరే. జీలకర్ర-బెల్లం సరిగ్గా ముహూర్తానికి, తలంబ్రాలు ఆ తర్వాత. ఈ వరుస చెదరకూడదు. సన్నాయి మేళం మాత్రం ఎక్కడ కూర్చున్నా సరే, గట్టిమేళానికి చెయ్యి ఊపితే వాళ్లకు కనిపించాలి, అంతే.

మిశ్రమ వాస్తవపు పాఠాన్ని కూడా ఇలాగే విడగొట్టాలి. "ఈ లగ్గు ఈ బోల్టుకే, ఇంత టార్క్‌తోనే" అన్నది తూర్పు ముఖం లాంటిది. అది పెట్టెకు సంబంధించింది, షెడ్డుతో పని లేదు. "రెంచ్ ఉన్న చోటు చూపించు" అన్నది సంబంధం. రెంచ్ ఎక్కడుందో ఆ షెడ్డు పటంలో వెతుక్కోవాలి. సూచనలు రాసి ఉండే తేలే పలక సన్నాయి మేళం లాంటిది. పనిచేస్తున్న చేతులను కప్పేయకుండా, చూపుకు అందేంత దగ్గరలో, నడిచే దారికి అడ్డం రాకుండా ఎక్కడైనా ఉండవచ్చు.

ఈ ఆలోచనను కంప్యూటర్‌తో మొదట చేయించి చూపింది కొలంబియా విశ్వవిద్యాలయంలో స్టీవెన్ ఫైనర్ బృందం. 1993లో వాళ్లు ప్రచురించిన కర్మా అనే వ్యవస్థ లేజర్ ప్రింటర్ బాగుచేయడం నేర్పేది. ఏ గీత ఎక్కడ గీయాలో వాళ్లు దానికి చెప్పలేదు. కాగితాల ట్రే ఎక్కడుందో చూపించు, దాన్ని బయటకు లాగడం చూపించు అని ఉద్దేశం మాత్రమే చెప్పారు. చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడో గమనించి, భాగం కళ్లకు కనిపిస్తుంటే ఒకలా, దేని వెనకో దాగి ఉంటే చుక్కల గీతలతో, ఎప్పటికప్పుడు బొమ్మను అదే గీసుకునేది. అప్పటి కంప్యూటర్ల శక్తిని తలచుకుంటే ఇది గొప్ప ముందుచూపు. ఆ తర్వాత వచ్చిన ఎన్నో ఉత్పత్తులు ఇంత లోతుకు వెళ్లకుండా, బొమ్మలను ఒక్కొక్కటిగా చేత్తో అతికించే దారినే పట్టాయి.

2014లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఫ్లేర్ అనే పద్ధతితో గది వైపు నుంచి ఇదే పని చేశారు. ఈ వస్తువుకు సమతలం కావాలి, దానికీ దీనికీ మధ్య ఇంత ఎడం ఉండాలి అని నియమాలు రాస్తే, గది ఆకారం తెలుస్తున్న కొద్దీ వాటన్నిటినీ వీలైనంత తృప్తిపరిచే అమరికను కంప్యూటర్ వెతుకుతుంది. అన్ని నియమాలూ ఒకేసారి కుదరని గదులూ ఉంటాయి. అప్పుడు ఏది వదులుకోవచ్చో, ఏది ప్రాణం పోయినా వదలకూడదో ముందే చెప్పి ఉంచాలి. రాక్ దూరమైనా సహించవచ్చు. కరెంటు ఆపిన గుర్తును చూపించకుండా తర్వాతి మెట్టుకు వెళ్లడాన్ని సహించకూడదు.

షెడ్డును బట్టి చోట్లే కాదు, మెట్ల వరుస కూడా మారవచ్చు. దీన్ని చాలామంది పట్టించుకోరు. రాక్ చేతికందే దూరంలో ఉంటే ఒక్కో పనిముట్టు ఒక్కోసారి తీసుకోవచ్చు. గుంతలోకి దిగాక పది పనిముట్ల కోసం పదిసార్లు పైకెక్కడం అన్యాయం. అక్కడ పాఠం ముందుగా కావలసినవన్నీ ఏరి పెట్టుకోమనాలి, అడుగు వైపు పనులన్నీ ఒక దఫాలో పూర్తిచేయించాలి. ఏ మెట్టు ఏ మెట్టు మీద ఆధారపడిందో రాసి ఉంటేనే ఇది సాధ్యం. 1, 2, 3 అని అంకెలు మాత్రమే వేసుకుంటే, వాటిలో ఏది పక్కా వరుసో, ఏది అలవాటో కంప్యూటర్‌కు తెలియదు.

మనిషి కూడా అమరికలో భాగమే

హోలోలెన్స్ 2లో బొమ్మలు కనిపించే మేర మూల నుంచి మూలకు 52 డిగ్రీలే. మన రెండు కళ్లూ కలిసి చూసే వెడల్పులో అది చిన్న కిటికీ. ఇరుకైన పెట్టె లోపల లక్ష్యం చాలాసార్లు ఆ కిటికీలో పడవచ్చు. విశాలమైన షెడ్డులో వెనకెక్కడో ఉండిపోవచ్చు. అందుకే సూచన పలక నుంచి లక్ష్యం వరకు చుక్కల దారి వేసే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ గైడ్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఆ దారి కూడా షెడ్డును ఎరిగి ఉండాలి. తిన్నగా గీత గీస్తే అది క్రేన్ మోసుకెళుతున్న బరువు కిందుగా పోవచ్చు. బాణాన్నే చూస్తూ పక్కన వచ్చే బండిని గమనించకపోవడం ఈ పరికరాలతో ఉన్న నిజమైన ప్రమాదం. మనిషి నడుస్తున్నంత సేపూ బొమ్మలు తగ్గించి, ఆగాక మళ్లీ చూపించడం అన్ని షెడ్లలోనూ తప్పనిసరి చేయాలి.

పొట్టివాళ్లకు ఒక ఎత్తు, పొడుగువాళ్లకు ఇంకో ఎత్తు కావాలి. ఎడమచేతి వాటం వాళ్లకు పలక కుడి పక్క ఉంటే మేలు. నిన్న చేరిన అప్రెంటిస్‌కు ప్రతి మెట్టూ కావాలి. పదేళ్లుగా అదే పని చేస్తున్న ఫిట్టరుకు టార్క్ విలువ ఒక్కటి కనిపిస్తే చాలు, మిగతాదంతా కంటికి అడ్డం. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో కార్తీక్ రమణి ప్రయోగశాల నుంచి 2021లో వచ్చిన అడాప్‌ట్యూటార్ అనే వ్యవస్థ ఈ వైపు అడుగు. నేర్చుకునేవాడి తీరును గమనించి, ఎంత వివరంగా చెప్పాలో అది మార్చుకుంటుంది.

కొత్త షెడ్డుకు పాఠాన్ని కుదిర్చేటప్పుడు ఈ నియమాలను ఆఫీసులో కూర్చున్నవాళ్లు మాత్రమే రాస్తే పని చెడుతుంది. మధ్యాహ్నం ఏ గోడ మీద ఎండ పడి తేలే పలక కనిపించకుండా పోతుందో, ఏ బే నేల మీద నూనె ఉంటుందో, ఏ మూలలో వెల్డింగ్ మెరుపులు కెమెరాలను తికమకపెడతాయో షిఫ్టులో నిలబడేవాళ్లు చెప్పాలి. వాళ్ల మాటను వాళ్ల భాషలోనే నమోదు చేసుకోవాలి. కళ్లజోడు కెమెరాలు గీసే పటం గురించీ వాళ్లకు ముందే చెప్పాలి. ఆ పటంలో మనుషుల రాకపోకలు కూడా పడతాయి. రక్షణ కర్మాగారాల్లోనైతే షెడ్డు పటమే రహస్యం గనుక, అది బయటి సర్వర్లకు వెళ్లకుండా పరికరంలోనే ఉండిపోయే ఏర్పాటు కావాలి.

పరికరం పోయాక

మైక్రోసాఫ్ట్ 2024లో హోలోలెన్స్ 2 తయారీని ఆపేసింది. సాఫ్ట్‌వేర్ మరమ్మతులు 2027 డిసెంబరు వరకే ఇస్తానంది. లంగర్లను ఇంటర్నెట్‌లో దాచి, అనేక పరికరాల మధ్య పంచిన అజూర్ స్పేషియల్ యాంకర్స్ సేవ 2024 నవంబరులోనే మూతపడింది. పాఠాలను ఆ లంగర్లతోనే ముడివేసుకున్నవాళ్లకు షెడ్డు మారకుండానే చోటు మారినంత పనైంది.

ఎల్‌హెచ్‌బీ పెట్టెకు రైల్వే లెక్క ప్రకారం ఆయుష్షు 35 ఏళ్లు. ఇప్పుడు పట్టాలెక్కే పెట్టె 2060 దగ్గరలో కూడా ఏదో డిపోలో మరమ్మతుకు నిలబడుతుంది. అప్పటికి ఎన్ని రకాల కళ్లజోళ్లు వచ్చి వెళతాయో. అంతకాలం నిలవాల్సింది పెట్టెకు సంబంధించిన ఫైలు: భాగాల పేర్లు, టార్క్ విలువలు, ఏ మెట్టు దేని తర్వాతే జరగాలన్న సంబంధాలు, ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడని భద్రతా నియమాలు. షెడ్డు పటం విడిగా ఒక ఫైలుగా ఆ డిపో దగ్గరే ఉండాలి, సామాను జరిపినప్పుడల్లా అక్కడివాళ్లే సరిదిద్దుకునేలా. కళ్లజోడుకు తగ్గట్టు బొమ్మలు గీసే భాగం మూడోది. పరికరం మారినప్పుడు మార్చాల్సింది దీన్ని ఒక్కదాన్నే. పరికరాలు కొనే సంస్థలు టెండరు కాగితాల్లోనే ఈ విభజనను షరతుగా పెట్టాలి, పాఠాల ఫైళ్లు కొనుగోలుదారుడి చేతికి తెరిచి చదవగల రూపంలో అందాలని అడగాలి.